వార్డులో ఇచ్చిన అదనపు సామాను బిల్లులో ఎక్కించడం ఎలా

డిశ్చార్జ్ రోజు బిల్లింగ్ కౌంటర్ దగ్గర జరిగే గొడవల్లో ఆపరేషన్ ఛార్జీ మీద జరిగేవి తక్కువ. డాక్టర్ ఫీజు మీద కూడా ఎవరూ పెద్దగా నోరెత్తరు. గొడవంతా బిల్లులో కింద ఉండే గ్లౌజులు, డైపర్లు, "డ్రెస్సింగ్ కిట్", "ఇతరములు" దగ్గరే. "మా బాపుకు నలభై జతల గ్లౌజులు ఎప్పుడు వాడిన్రు సార్?" అని కొడుకు అడుగుతాడు. కౌంటర్‌లో కూర్చున్న పిల్లగాడు వార్డుకు ఫోన్ చేస్తాడు, వార్డులో ఆ డ్యూటీ సిస్టర్ అప్పటికే ఇంటికి పోయి ఉంటుంది, ఫోనెత్తిన సిస్టరేమో "నాకు తెల్వదు, షీట్‌లో చూడండి" అంటుంది, షీట్‌లో చూస్తే ఏమీ ఉండదు. ఇంకేముంది, డిస్కౌంట్ ఇచ్చి పంపించేస్తారు. అట్లా ఇచ్చిన డిస్కౌంట్ నిజంగా వాడిన సామానుకూ పోతుంది, వాడనిదానికీ పోతుంది.

నేను హనుమకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్ మీద పనిచేస్తాను. నక్కలగుట్ట నుంచి హంటర్ రోడ్ దాకా ఉన్న చిన్నా పెద్దా నర్సింగ్ హోముల్లో కొత్తగా బిల్లింగ్‌లో చేరే పిల్లల కోసం, వార్డ్ ఇన్‌ఛార్జి సిస్టర్ల కోసం ఇది రాస్తున్నా. పేషెంట్ వైపు వాళ్ళు చదివినా నష్టం లేదు, వాళ్ళకు పనికొచ్చేది చివర్లో కొంత ఉంది. నా లెక్కలో బిల్లు తయారయ్యేది మంచం దగ్గర, సిస్టర్ చేతిలో ఉన్న షీట్ మీద. కౌంటర్‌లో మనం చేసేది కూడిక మాత్రమే. షీట్‌లో లేని సామానుకు కౌంటర్‌లో ఎంత తెలివైనవాడు కూర్చున్నా డబ్బు రాబట్టలేడు, రాబట్టకూడదు కూడా.

ముందు పేషెంట్ ఏ ఖాతానో చూడండి

ఒకే జత గ్లౌజులు ఒక పేషెంట్‌కు బిల్లులో పడతాయి, ఇంకొకరికి అసలు పడకూడదు. అందుకని అడ్మిషన్ ఫైల్ అట్ట మీదే పెద్ద అక్షరాలతో రాయండి: క్యాష్, ఇన్సూరెన్స్, ఆరోగ్యశ్రీ, ఈహెచ్ఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం), సింగరేణి. వార్డులో మందు అందించే సిస్టర్‌కు కూడా అది కనిపించాలి. కంప్యూటర్‌లో ఉంటే సరిపోదు, రాత్రి రెండు గంటలకు ఆమె కంప్యూటర్ తెరిచి చూడదు.

ఆరోగ్యశ్రీ కింద చేరిన పేషెంట్ సంగతి సూటిగా చెప్తాను. ప్యాకేజీలో ఆపరేషన్, మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లు, వాడే సామాను, భోజనం అన్నీ కలిపే ఉంటాయి. అందులో ఉన్న దేనికీ పేషెంట్ దగ్గర విడిగా పైసా తీసుకోకూడదు. "ఇది మంచి కంపెనీ గ్లౌజు, ఆరోగ్యశ్రీలో రాదు, కొంచెం కట్టండి" అనే మాట వార్డ్ బాయ్ నోటి నుంచి వచ్చినా అది ఆస్పత్రి మాటే అవుతుంది, ఫిర్యాదు వస్తే సమాధానం చెప్పుకోవాల్సింది మనమే. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఈ పథకం పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు అయింది. కాబట్టి "మీ లిమిట్ అయిపోయింది" అనే ముందు పోర్టల్‌లో బ్యాలెన్స్ చూసి, ఆరోగ్యమిత్రను (ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యశ్రీ ప్రతినిధిని) పక్కన పెట్టుకుని చెప్పండి. ఆరోగ్యశ్రీ పేషెంట్‌కు వాడిన సామాను కూడా షీట్‌లో రాయాల్సిందే. బిల్లు కోసం కాదు, స్టాక్ లెక్క తేలడానికి, క్లెయిమ్‌లో అడిగితే చూపించడానికి.

సింగరేణి రెఫరల్ మీద భూపాలపల్లి, రామగుండం వైపు నుంచి వచ్చేవాళ్ళకు క్రెడిట్ లెటర్ (బిల్లు కంపెనీ కడుతుందనే కాగితం) ఉంటుంది. లెటర్‌లో ఏ చికిత్సకు పంపారో అదే, ఒప్పందంలో ఏ రేటు ఉందో అదే. ఒప్పందం కాగితం ఒక్కసారైనా మీ కళ్ళతో చదవండి. పాత బిల్లు చూసి కొత్త బిల్లు వేసే అలవాటు ఇక్కడ చాలా మందికి ఉంది, పాతదాంట్లో తప్పుంటే అది తరతరాలు నడుస్తది.

క్యాష్ పేషెంట్లలోనూ రెండు రకాలు. ప్యాకేజీ చెప్పి చేర్చుకున్నవాళ్ళు, ఏ రోజుది ఆ రోజు పడే ఓపెన్ బిల్లువాళ్ళు. ప్యాకేజీ అయితే అందులో ఏముందో, ఏం లేదో కాగితం మీద ఉండాలి. నోటితో "అన్నీ కలిపే" అన్నామంటే అన్నీ కలిపే. సిజేరియన్ కేసులనే చూడండి. తల్లి ప్యాకేజీ చెప్తారు, మూడో రోజు బిడ్డకు పచ్చకామెర్లు అని లైటు కింద పెడతారు, ఆ ఫోటోథెరపీ, బిడ్డ డైపర్లు, కళ్ళకు కట్టే ప్యాచ్ అన్నీ చివర్లో వచ్చి పడతాయి, అమ్మమ్మ కౌంటర్ ముందు కూర్చుని శాపనార్థాలు పెడుతుంది. "బిడ్డకు విడిగా చికిత్స అవసరమైతే ఆ ఖర్చు ఈ ప్యాకేజీలో లేదు" అనే ఒక్క వాక్యం తెలుగులో రాసి, అడ్మిషన్ రోజే సంతకం తీసుకుంటే ఆ గొడవ సగం తగ్గుతుంది.

ఇన్సూరెన్స్‌లో నాలుగు లిస్టులు

ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ) ప్రామాణిక మార్గదర్శకాల నుంచి వచ్చిన నాలుగు లిస్టులు పాలసీల్లో ఉంటాయి. ఇన్సూరెన్స్ డెస్క్ మీద కూర్చునేవాళ్ళకు ఇవి కంఠతా రావాలి అనను గానీ, ప్రింట్ తీసి గాజు కింద పెట్టుకోండి. లిస్ట్ 1లో 68 వస్తువులు ఉన్నాయి, ఇవి మామూలు పాలసీలో చెల్లించనివి. లిస్ట్ 2లో 37, అవి రూమ్ ఛార్జీలో కలిసిపోయినవి. లిస్ట్ 3లో 23, ఆపరేషన్ లేదా ప్రొసీజర్ ఛార్జీలో కలిసిపోయినవి. లిస్ట్ 4లో 18, చికిత్స ఖర్చులో కలిసిపోయినవి.

తేడా ఏంటంటే, లిస్ట్ 1 వస్తువును మీరు బిల్లులో విడిగా వేయొచ్చు, ఇన్సూరెన్స్ ఇవ్వదు, పేషెంట్ కట్టుకోవాలి. గ్లౌజులు, మాస్క్, క్రేప్ బ్యాండేజ్, డైపర్, ఈసీజీ ఎలక్ట్రోడ్లు, నెబ్యులైజేషన్ కిట్, ఆక్సిజన్ మాస్క్, సర్వైకల్ కాలర్, నడుము బెల్ట్, చేతికి వేసే స్లింగ్, కిడ్నీ ట్రే, థర్మామీటర్ అన్నీ ఇందులోవే. మిగతా మూడు లిస్టుల వస్తువులకు విడిగా గీత వేయడమే తప్పు. పేషెంట్ చేతికి కట్టే పేరు పట్టీ, అడ్మిషన్ కిట్, దుప్పటి, పల్స్ ఆక్సీమీటర్ ఛార్జీ, ఫైల్ ఓపెనింగ్ ఛార్జీ ఇవన్నీ రూమ్ అద్దెలో ఉన్నట్టే. దూది, గాజు గుడ్డ, సర్జికల్ బ్లేడ్, సర్జికల్ టేప్, ఏప్రాన్ ప్రొసీజర్‌లో ఉన్నట్టే. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఆల్కహాల్ స్వాబ్‌లు, గ్లూకోమీటర్ స్ట్రిప్పులు చికిత్సలో ఉన్నట్టే. టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) వాళ్ళు కోసేస్తే "పేషెంట్ దగ్గర తీసుకుందాంలే" అనుకుని వేసేవాళ్ళు ఉన్నారు. నాకైతే అది నచ్చదు. రూమ్ అద్దెలో ఒకసారి తీసుకుని పేరు పట్టీకి మళ్ళీ తీసుకోవడం ఏం న్యాయం.

కొన్ని చోట్ల ఈ లిస్టులు చిత్రంగా ఉంటాయి. మూత్రానికి వేసే ఫోలీ కాథెటర్‌కు డబ్బులొస్తాయి, దానికి తగిలించే సంచి మాత్రం లిస్ట్ 4. గంటగంటకూ మూత్రం కొలిచే యూరోమీటర్ పెడితే అది లిస్ట్ 1. మామూలు ఐవీ క్యాన్యులాకు (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టం) ఇస్తారు, వాసోఫిక్స్ సేఫ్టీ అని బ్రాండ్ పేరుతో సహా లిస్ట్ 1లో ఉంది, ఇవ్వరు. సిరంజిలు, డ్రిప్ సెట్లు, కుట్ల దారం, స్టేప్లర్ లాంటివి ఈ లిస్టుల్లో లేవు, వాటికి వస్తుంది. అందుకే స్టోర్ నుంచి ఏది తెచ్చారో సిస్టర్ రాసిన పేరు, బిల్లులో మనం కొట్టిన పేరు ఒకటే కావాలి. "క్యాన్యులా" అని రాసి ఉన్నదాన్ని సాఫ్ట్‌వేర్‌లో మొదట కనిపించింది కదా అని వేరే రకం కింద కొడితే పేషెంట్ జేబుకు చిల్లు.

ఇక "కిట్" అనే మాట. లిస్ట్ 1లో ఒక వాక్యమే ఉంది, వివరాలు లేని ఏ కిట్ అయినా చెల్లించరు అని. డెలివరీ కిట్, ఆర్థో కిట్, రికవరీ కిట్, ఏ పేరు పెట్టినా అంతే. ఆ కిట్ విప్పి చూస్తే లోపల కుట్ల దారం, డ్రెయిన్, కాథెటర్ లాంటి డబ్బులొచ్చే వస్తువులే సగం ఉంటాయి. విడివిడిగా రాసుంటే వచ్చేవి, కిట్ అని ఒక్క మాటలో ముడేయడం వల్ల మొత్తం పోతాయి. ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) కిట్ విప్పగానే దాని లోపలి లిస్టు కాగితాన్ని కేస్ షీట్‌కు పిన్ చేయించండి, వాడని వస్తువులకు కొట్టేత గీత పెట్టించండి. ఇంతకన్నా సులువుగా డబ్బు కాపాడే పని ఆస్పత్రిలో ఇంకోటి లేదు.

అమెరికా ఆస్పత్రుల క్లెయిమ్‌లకు ఇక్కడి నుంచి కోడ్‌లు వేసే మన కోడింగ్ పిల్లలకు కూడా ఇదే గోల వేరే వేషంలో ఉంటుంది. అక్కడ 99070 అనే కోడ్ ఉంది, మామూలు విజిట్‌లో కలిసే సామాను కాక డాక్టర్ అదనంగా ఇచ్చినదానికి వేసేది. మెడికేర్ (అక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్స్) ఆ కోడ్‌కు విడిగా డబ్బివ్వదు. ఏ వస్తువు ఇచ్చారో దానికి హెచ్‌సీపీసీఎస్ అనే కోడ్ల లిస్టులో సొంత కోడ్ ఉంటే అది వేయాలి, చంక కర్రల జతకు ఇ0114, స్లింగ్‌కు ఎ4565 అన్నట్టు. అక్కడా ఇక్కడా "ఏదో సామాను ఇచ్చాం" అంటే నడవదు, ఫలానాది ఇచ్చాం అనాలి.

కన్స్యూమబుల్స్ (వాడి పారేసే సామాను) కవర్ అని కొన్ని పాలసీలకు రైడర్, అంటే అదనంగా తీసుకునే కవర్, ఉంటుంది. అది ఉంటే లిస్ట్ 1 వస్తువులకు కూడా పాలసీ షరతుల ప్రకారం ఇస్తారు. పేషెంట్‌కు తన పాలసీలో అది ఉందో లేదో చాలాసార్లు తెలియదు, ఏజెంట్ చెప్పి ఉండడు. ప్రీ-ఆథ్ (చికిత్సకు ముందే కంపెనీ అనుమతి అడగడం) పంపేటప్పుడే పాలసీ షెడ్యూల్ కాపీ అడిగి చూడండి. ఉంటే గ్లౌజుల దగ్గర నుంచి అన్నీ వివరంగా వేయాలి, ఎట్లాగూ రాదులే అని ఎగ్గొట్టొద్దు.

ఇంకో సంగతి, దీన్ని సీనియర్లు కూడా పట్టించుకోరు. పేషెంట్ తన పాలసీ అర్హత కంటే పెద్ద రూమ్ తీసుకుంటే ఇన్సూరెన్స్ వాళ్ళు దామాషా ప్రకారం కోత పెడతారు కదా. ఆ కోత డాక్టర్ ఫీజు, ఓటీ, నర్సింగ్ లాంటి ఖర్చుల మీదే పెట్టాలి. మందులు, కన్స్యూమబుల్స్, ఇంప్లాంట్లు, పరీక్షల మీద పెట్టకూడదని 2020లో ఐఆర్‌డీఏఐ చెప్పింది. లెక్క చూడండి. పాలసీలో రూమ్ అర్హత రోజుకు 3,000, పేషెంట్ తీసుకున్నది 6,000 రూమ్. అంటే సగం కోత. సర్జన్, ఓటీ, నర్సింగ్ కలిపి 80,000 అయితే 40,000 పోతాయి. ఆపరేషన్‌లో వాడిన, డబ్బులొచ్చే సామాను 20,000 విడి హెడ్డింగ్ కింద ఉంటే దాని మీద కోత లేదు. అదే 20,000 ఓటీ ఛార్జీలో కలిపి లక్షగా కొడితే ఇంకో 10,000 ఎగిరిపోతాయి. పేషెంట్ చేసిన తప్పేం లేదు, హెడ్డింగ్ మనం మార్చాం అంతే. బిల్లు టెంప్లేట్‌లో కన్స్యూమబుల్స్ అనే హెడ్డింగ్ విడిగా లేకపోతే ఇవాళే సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఫోన్ చేయండి.

మంచం దగ్గర రాయడం

స్టోర్ నుంచి తెప్పించింది ఇండెంట్. పేషెంట్‌కు వాడింది వేరు. చాలా చోట్ల ఇండెంటే బిల్లు అయిపోతుంది, నాకు తెలిసి గొడవలకు మూలం ఇదే. రాత్రి డ్యూటీ సిస్టర్ తెల్లారేదాకా సరిపోవాలని ఐదు సిరంజిలు ఎక్కువ తెప్పిస్తుంది, అందులో తప్పులేదు, మూడు మిగిలితే అవి ట్రేలోనే ఉండి పక్క మంచం పేషెంట్‌కు వాడేస్తారు. ఆ పేషెంట్‌కు మళ్ళీ ఇండెంట్ పడుతుంది. ఒకే సిరంజికి ఇద్దరు డబ్బులు కడతారు, స్టోర్‌లో స్టాక్ మాత్రం మిగులుతుంది.

ప్రతి మంచానికి ఒక వాడకం షీట్ పెట్టండి. ఏ4 కాగితం చాలు, సాఫ్ట్‌వేర్ లేదని ఆగనక్కర్లేదు. టైమ్, వస్తువు పేరు సైజుతో సహా, ఎన్ని, ఎందుకు, సంతకం. ఈ ఐదు గడుల్లో "ఎందుకు" అనేదే అందరూ ఖాళీ వదిలేస్తారు, ఇన్సూరెన్స్ వాళ్ళ నుంచి క్వెరీ (వివరం అడుగుతూ ప్రశ్న) వచ్చినప్పుడు పనికొచ్చేది అదొక్కటే. షుగర్ పుండుతో పరకాల నుంచి వచ్చిన పెద్దాయనకు రోజుకు ఒక డ్రెస్సింగ్ అని డాక్టర్ రాశారు. ఒక రోజు రెండు పడ్డాయి. షీట్‌లో "సాయంత్రం 6.40, కట్టు తడిసింది, డ్యూటీ డాక్టర్ చూసి మళ్ళీ కట్టమన్నారు, రోలర్ బ్యాండేజ్ 10 సెం.మీ. 2" అని ఉంటే టీపీఏ వాడు ఏమీ అనలేడు, కొడుకూ ఏమీ అనడు. "డ్రెస్సింగ్ మెటీరియల్ - 2" అని ఉంటే ఇద్దరూ అంటారు.

రాయడం అప్పటికప్పుడే కావాలి. షిఫ్ట్ చివర్లో కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసే షీట్ చూడగానే తెలిసిపోతుంది, అన్ని గడులూ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, టైములన్నీ సున్నాతో అయిపోయేలా ఉంటాయి. 8.00, 10.00, 12.00. ఇన్సూరెన్స్ ఇన్వెస్టిగేటర్లు మొదట చూసేది కూడా అదే.

వార్డు మొత్తానికి పెట్టిన గ్లౌజుల డబ్బా, చేతులకు రాసుకునే శానిటైజర్, ఫినాయిల్ ఇవి ఎవరి బిల్లులోనూ పడవు, ఆస్పత్రి ఖర్చు. ఒక సిస్టర్ ఒకే జత గ్లౌజులతో ఇద్దరి దగ్గరికి పోవడం ఎట్లాగూ తప్పు, అది వేరే చర్చ.

మిగిలినవి వెనక్కి పంపేటప్పుడు రిటర్న్ స్లిప్ మీద బ్యాచ్ నంబర్ రాసి, సీల్ తెరవనివే పంపాలి. వార్డు మార్చినప్పుడు, ఐసీయూ నుంచి రూమ్‌కు వచ్చినప్పుడు రిటర్న్ కచ్చితంగా చేయించండి, ఎక్కువ పోయేది అక్కడే. ఐసీయూ సామాను సంచిలో వేసి పేషెంట్ కాళ్ళ దగ్గర పెట్టి పంపిస్తారు, అది రూమ్ అల్మారాలో పడి ఉంటుంది, డిశ్చార్జ్ రోజు పేషెంట్ వాళ్ళు "ఇవన్నీ మేం కొన్నవే కదా" అని ఇంటికి తీసుకుపోతారు. వాళ్ళన్నది నిజమే, కొన్నవే.

ధర దగ్గర

ఎమ్మార్పీకి ఒక్క రూపాయి ఎక్కువ వేసినా తప్పే. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం దృష్టిలో డ్రగ్స్ కిందికి వచ్చాయి, అంటే సిరంజి, క్యాన్యులా కూడా. బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ బిల్లులో కనిపించాలి.

డబ్బా విప్పి విడిగా ఇచ్చేవాటి దగ్గర జాగ్రత్త. గ్లౌజుల డబ్బాలో 100 ఉంటే అవి 50 జతలు, డబ్బా ఎమ్మార్పీని 50తో భాగించి జతకు వేయాలి, 100 జతలు అనుకుని తక్కువా వేయొద్దు, ఒక్కో గ్లౌజు ఒక జత లెక్కన ఎక్కువా వేయొద్దు. సాఫ్ట్‌వేర్‌లో యూనిట్ తప్పుగా పెట్టి ఉంటే ఎవరూ గమనించకుండా నెలల తరబడి అదే నడుస్తుంది. అట్లే డైపర్లు. ప్యాకెట్ మొత్తం పేషెంట్‌కు ఇచ్చేస్తే ప్యాకెట్ వేయండి, మిగిలినవి వాళ్ళవే. ఒక్కొక్కటి ఇస్తే ఒక్కొక్కటికే వేయండి. ప్యాకెట్ వేసి రోజుకు రెండు ఇవ్వడం, మిగిలినవి స్టోర్‌లో ఉంచడం మోసమే, దానికి వేరే పేరు లేదు.

ఇన్‌పేషెంట్‌గా ఉండగా చికిత్సలో భాగంగా వాడిన సామాను మీద జీఎస్టీ అని వేరే గీత పెట్టొద్దు. ఆరోగ్య సేవకు మినహాయింపు ఉంది, సామాను అందులో భాగంగానే లెక్క. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఓపీ పేషెంట్‌కు ఫార్మసీలో అమ్మిన మందుకు, సామానుకు పన్ను మామూలే.

స్టెంట్లు, మోకాలి ఇంప్లాంట్లకు 2017 నుంచి ఎన్‌పీపీఏ (మందుల ధరలు చూసే కేంద్ర సంస్థ) పెట్టిన ధర పరిమితి ఉంది. స్టెంట్ ధర బిల్లులో విడిగా ఉండాలి, బ్రాండ్, కంపెనీ, బ్యాచ్ నంబర్లతో సహా. ఇంప్లాంట్ డబ్బాతో వచ్చే స్టిక్కర్లలో ఒకటి కేస్ షీట్‌లో, ఒకటి బిల్లు కాపీ మీద, ఒకటి పేషెంట్ ఫైల్‌లో అంటించండి. స్టిక్కర్ లేని ఇంప్లాంట్ క్లెయిమ్ పంపితే క్వెరీ రావడం ఖాయం, అప్పటికి ఆ డబ్బా చెత్తబుట్టలో ఉంటుంది.

ఇంటికి తీసుకెళ్ళే వాకర్, నడుము బెల్ట్, నెబ్యులైజర్ మెషిన్ లాంటివి ఇన్‌పేషెంట్ బిల్లులో కలపొద్దు. డాక్టర్ చీటీ రాయించి, ఫార్మసీలో పేషెంట్ పేరు మీద వేరే బిల్లు ఇవ్వండి. బయట కొనుక్కుంటామంటే కొనుక్కోనివ్వండి. మన దగ్గరే కొనాలని బలవంతం పెట్టే హక్కు మనకు లేదు.

ముందే చెప్పడం

అదనపు సామాను వాడబోయే ముందు చెప్పడం, వాడిన తర్వాత చెప్పడం, రెండింటికీ చాలా తేడా. ఎమర్జెన్సీలో ముందు చెప్పలేం, అది అందరికీ అర్థమవుతుంది. మిగతా అప్పుడు, ముఖ్యంగా ఇన్సూరెన్స్ ఇవ్వని వస్తువు ఖరీదైనదైతే, వార్డ్ ఇన్‌ఛార్జి గానీ మనం గానీ వెళ్ళి చెప్పాలి. "అన్నా, అమ్మకు వీపు మీద పుండ్లు పడకుండా గాలి పరుపు వేయమన్నారు సార్. దీనికి ఇన్సూరెన్స్ వాళ్ళు ఇవ్వరు, రోజుకు ఇంత పడుతుంది, కనీసం ఐదారు రోజులు ఉండొచ్చు. మీరు బయట అద్దెకు తెచ్చుకున్నా పర్వాలేదు." ఇంతే. తర్వాత షీట్‌లో తెలుగులోనే ఒక లైన్ రాసి సంతకం తీసుకోండి. పేషెంట్ వెంట రోజుకొకరు మారుతుంటారు, మొన్న చెప్పింది చిన్న కొడుక్కి, ఇవాళ కౌంటర్‌కు వచ్చింది అల్లుడు, అందుకే సంతకం పక్కన పేరు, చుట్టరికం రాయించండి.

రోజూ పొద్దున ఆనాటి దాకా అయిన బిల్లు ప్రింట్ ఇస్తే ఇంకా మంచిది. మేనేజ్‌మెంట్లు దీనికి భయపడతాయి, రోజూ చూపిస్తే రోజూ గొడవ చేస్తారని. నేను చూసినంతవరకు రోజూ వచ్చేవి ప్రశ్నలు, చివరి రోజు ఒక్కసారే చూపిస్తే వచ్చేది గొడవ. ప్రశ్నకు సమాధానం చెప్పడానికి ఆ సిస్టర్ అక్కడే ఉంటుంది.

డిశ్చార్జ్ రోజు

డాక్టర్ రౌండ్స్‌లో "రేపు పంపిద్దాం" అన్న సాయంత్రమే రిటర్న్‌లు పూర్తి చేయించండి. పొద్దున వాడకం షీట్, ఫార్మసీ లిస్టు పక్కపక్కన పెట్టి, వార్డ్ ఇన్‌ఛార్జితో కూర్చుని టిక్ కొట్టండి. ఫార్మసీ లిస్టులో ఉండి షీట్‌లో లేనిది ఏదైనా ఉంటే దాన్ని బిల్లు నుంచి తీసేయాలి, సిస్టర్‌ను పిలిచి ఇప్పుడు రాయించకూడదు. కష్టంగా అనిపిస్తుంది, కానీ రెండు మూడు సార్లు తీసేస్తే నాలుగోసారి వార్డువాళ్ళు వాళ్ళంతట వాళ్ళే రాస్తారు.

క్యాష్‌లెస్ (ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టేది) అయితే ఫైనల్ బిల్లు పంపిన మూడు గంటల్లో ఇన్సూరెన్స్ కంపెనీ అనుమతి ఇవ్వాలని 2024 మేలో ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది. వాళ్ళు ఆలస్యం చేసి పేషెంట్‌కు అదనంగా రూమ్ ఛార్జీ పడితే అది కంపెనీయే భరించాలి. కాబట్టి మనం ఎన్ని గంటలకు పంపామో మెయిల్ టైమ్‌తో సహా ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టండి. మన వైపు ఆలస్యం ఎక్కువగా ఈ కన్స్యూమబుల్స్ వివరాలు సరిగ్గా లేక క్వెరీ రావడం వల్లే. క్వెరీకి జవాబు రాసేటప్పుడు పెద్ద ఉత్తరం వద్దు. ఏ వస్తువు, ఏ తేదీ, షీట్‌లో ఏ పేజీ, ఎందుకు వాడారు. ఆ పేజీ స్పష్టంగా స్కాన్ చేసి పెట్టండి, ఫోన్‌తో వాలుగా తీసిన ఫోటో కాదు.

మీరు పేషెంట్ వైపు వాళ్ళైతే

వివరంగా, వస్తువుల వారీగా ఉన్న బిల్లు అడగడం మీ హక్కు. "ఇతరములు", "కిట్" అని ఉన్నచోట లోపల ఏముందో రాసిమ్మనండి. కేస్ షీట్ కాపీలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల నియమావళిలోనే ఉంది. ఆరోగ్యశ్రీ పేషెంట్ దగ్గర డబ్బు అడిగితే అక్కడున్న ఆరోగ్యమిత్రకు చెప్పండి, వినకపోతే 104కు చేయండి. ఎమ్మార్పీ కంటే ఎక్కువ వేస్తే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్. ఇన్సూరెన్స్ కోత మీద ముందు కంపెనీకే రాయాలి, తర్వాత 155255 లేదా బీమా భరోసా పోర్టల్, అక్కడా తేలకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు తేల్చే అధికారి). రీయింబర్స్‌మెంట్ (ముందు తాము కట్టి తర్వాత కంపెనీ నుంచి తీసుకోవడం) పెట్టుకునేవాళ్ళు బయట కొన్న ప్రతి వస్తువుకూ డాక్టర్ చీటీ, మెడికల్ షాపు బిల్లు రెండూ కలిపి పిన్ చేసి ఉంచుకోండి. ఒకటి ఉండి ఇంకోటి లేకపోతే ఆ వస్తువు డబ్బులు రావు.

బిల్లింగ్ పిల్లలకు చివరగా ఇంకో పని. సెటిల్‌మెంట్ లెటర్ వచ్చాక చాలా మంది మొత్తం మాత్రమే చూసి ఫైల్ మూసేస్తారు. కోత పడ్డ వస్తువులు ఏవో, ఏ కారణం రాశారో ఒక నోట్‌బుక్‌లో ఎక్కించండి. రాయకపోవడం వల్ల పోయినవి వార్డ్ ఇన్‌ఛార్జికి, పేరు తప్పు కొట్టడం వల్ల పోయినవి కౌంటర్‌కు, కిట్ వల్ల పోయినవి ఓటీకి నెలకొకసారి చూపించండి. డిశ్చార్జ్ అప్పుడు ఇన్సూరెన్స్ ఇవ్వదేమోనని పేషెంట్ దగ్గర డిపాజిట్ కట్టించుకున్న వస్తువుకు తర్వాత కంపెనీ డబ్బులు ఇచ్చి ఉంటే, పేషెంట్‌కు ఫోన్ చేసి ఆ డబ్బు వెనక్కి ఇచ్చేయండి, వాళ్ళు వచ్చి అడిగేదాకా ఆగొద్దు.